తగ్గిందని చెప్పిన నొప్పి

నా వెన్నులోకి జానెడు సూదులు పన్నెండు దించారు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో మా అల్లూరు వీధిలో ఇలాగే చెప్పుకున్నాను. నిజానికి మూడే, అవీ సన్నవి. చర్మానికి ముందే మత్తిచ్చారు కూడా.

నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన నడుము నాది. రెండేళ్లుగా నొప్పి. మిషను దగ్గర ఎలాగోలా సర్దుకున్నాను గానీ, మసీదులో ఓడిపోయాను. సజ్దాకు వంగలేక వెనక వరసలో కుర్చీ వేసుకుని నమాజు చదివేవాణ్ణి. నుదురు నేలకు తాకి రెండేళ్లయింది. ఆ ఒక్కటి మళ్లీ దొరికితే చాలనుకుని మా ఆవిడతో నెల్లూరు వెళ్లాను.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. స్కాను చూసి, "సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంత తాతా?" అంది.

"పన్నెండు" అన్నాను. తక్కువ చెబితే మాత్రలిచ్చి పంపేస్తుందని భయం.

"పదికి మించి లేదు తాతా."

"అయితే పది రాసుకోమ్మా. మిగతా రెండు నా దగ్గరే ఉంచుకుంటా."

మా ఆవిడ అందుకుంది. "పొద్దున నాలుగు దోసెలు తిన్నప్పుడు అంత లేదులేమ్మా. ఆరు రాసుకో."

స్కానులో అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పి అక్కడిదేనని చెప్పలేమంది డాక్టరు. వెన్నుపూసల కీళ్ల నుంచి నొప్పిని మోసే నరాల దగ్గర మత్తుమందు వేసి చూస్తుందట. అది వైద్యం కాదు, పరీక్ష. కొన్ని గంటలే పనిచేస్తుంది. ఆ గంటల్లో నొప్పి బాగా తగ్గితే ఆ నరాలను వేడితో మాడుస్తారు. తగ్గకపోతే వేరేచోట వెతుకుతారు. గంటగంటకూ అంకె వేయమని ఒక కాగితం ఇచ్చింది.

బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెరలో చూసుకుంటూ సూదులు వేసింది. తర్వాత ఆ బరువైన సీసం కోటు విప్పి, చెమట తుడుచుకుంటూ, "తగ్గిందా తాతా?" అని అడిగింది. అంత కష్టపడిన పిల్లతో లేదని ఎలా అనను? మావైపు డాక్టరుకు తగ్గలేదని చెప్పడమంటే ఆ చేతిని తప్పుబట్టినట్టే.

"నీ హస్తవాసి మంచిదమ్మా. సున్నా" అన్నాను. ఇంటికొచ్చి కాగితం నిండా సున్నాలు చుట్టాను.

"సున్నా అయితే గుమ్మం ఎందుకు పట్టుకోనుండావు?" అంది మా ఆవిడ.

"అలవాటు."

"ఏదీ, సజ్దా చెయ్, చూస్తా."

చేయలేకపోయాను.

నా దగ్గర చొక్కా కుట్టించుకుని, చంకల్లో బిగుస్తున్నా "బాగా కుదిరిందన్నా" అని వెళ్లిపోయినవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లది మర్యాదే. కానీ ఆ చొక్కాను సరిచేసే అవకాశం నాకు ఎప్పుడూ రాలేదు.

నరాలు మాడ్చే రోజు వచ్చింది. బల్లమీద బోర్లా పడుకున్నాను. డాక్టరు పెన్నుతో నా వీపు మీద గుర్తులు పెడుతోంది.

"ఒక మాటమ్మా. ఆరోజు పిసరంత కూడా తగ్గలా."

పెన్ను ఆగింది. "మరి సున్నాలు?"

"నువ్వు బాధపడతావని."

"నేను బాధపడితే ఒక పూట తాతా. సంబంధం లేని నరాన్ని కాల్చినాక నీ నొప్పి నీకే ఉంటది గదా!"

కోప్పడుతూనే నన్ను లేపింది. కాళ్లు అటూ ఇటూ వంచి చూసింది. నడుము కింద, తుంటి దగ్గర వేలితో నొక్కేసరికి కేకేశాను.

"అంకె చెప్పు."

"ఆరు."

"పది కాదా?"

"ఆరేనమ్మా. ఇంట్లోవాళ్లు చెప్పిందే."

వారం తర్వాత తుంటి ఎముకా వెన్ను అడుగుభాగమూ కలిసే కీలులో మందు వేసింది. "ఏది చేస్తే నొప్పి వస్తదో అదే చెయ్యి తాతా" అంది. మా ఆవిడ నేలమీద దుప్పటి పరిచింది. భయపడుతూనే వంగాను. నుదుటికి ఆస్పత్రి నేల చల్లగా తగిలింది. ఎంతసేపున్నానో తెలియదు.

"తాతా, ఎంత?"

ఒకటనబోయి ఆగాను. "రెండు."

ఆ సాయంత్రం అసర్ నమాజు మా మసీదులో అందరితోపాటు నేలమీదే చదివాను. మత్తు దిగిపోతుందని తెలుసు, అందుకే ఒక్క సజ్దా కూడా తొందరగా ముగించలేదు. పొద్దుగూకి మగ్రిబ్ వేళయ్యేసరికి నొప్పి రానే వచ్చింది.

"వచ్చినాదా?" అంది మా ఆవిడ.

"వచ్చింది" అన్నాను. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. మందు ఉన్నంతసేపు పోయి, దిగగానే తిరిగొచ్చిందంటే చోటు దొరికినట్టే. నొప్పి వచ్చిందని సంతోషపడ్డ రోజు నా బతుకులో అదొక్కటే. ఏడు వేద్దామని మనసు లాగింది గానీ, కాగితం మీద ఆరే వేశాను.