అక్క తెల్లచీర

గనులు జోరుగా నడిచిన రోజుల్లో నాతో పనిచేసే అక్కా నేనూ బళ్లారిలో ఒక ఖనిజం కంపెనీ వెబ్‌సైటు పని చూసేవాళ్లం. అందులో ప్రశ్న టైపు చేస్తే దానంతటదే జవాబిచ్చే చాట్ ఉండేది. జవాబు పక్కన ఏ ఫోటో రావాలో అక్క చూసేది. పెట్టేముందు తెరమీది రాతను అరచేత్తో మూసి, ఫోటో మాత్రం చూపించి, "ఏమడిగినారో తెలుస్తాండాదా అప్పా?" అనేది. నాకు తెలియకపోతే ఆ ఫోటో తీసేసేది.

"గనుల పక్క ఊళ్లు ఎలా ఉన్నాయి?" అన్న ప్రశ్నకు మా పై సార్, కంపెనీవాళ్లు మొక్కలు నాటే ఫోటో ఇచ్చాడు. అక్క దాన్ని తీసేసి, గనుల పక్కనున్న బండ్రిలో తన ఇంటిముందు ఆరేసిన చీర ఫోటో పెట్టింది. చర్చికి కట్టుకునే తెల్లచీర, లారీల దుమ్ముకు ఇటుకరంగు తిరిగింది.

"నీకీ పని బేడా? వద్దంటే చెప్పు," అన్నాడు సార్.

అక్క రాతను అరచేత్తో మూసింది. "ఏమడిగినారో తెలుస్తాండాదా సార్?"

సార్ ఆ ఫోటో చూసి, ఫోను వస్తే మాట్లాడుతూ బయటికి పోయాడు.

అక్క ఆయన్ను ఎదిరించిందో, తన పని తాను చేసిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ ఆదివారం బస్టాండులో కనబడింది. ఒంటిమీద అదే చీర, ఇంకా ఇటుకరంగులోనే. నా చూపు గమనించి అంది:

"ఉతికిందే లేప్పా."