మణత్త మూతి ముడిచిన వైనం

కొన్ని ఊళ్ళలో ఎదుటివాడు మాట్లాడుతుంటే కదలక మెదలక వింటారు, అది మర్యాద. నర్సీపట్నం వైపు అలా వింటే చెప్పేవాడు మధ్యలో ఆగి "ఇంటన్నావా?" అని అడుగుతాడు. ఇక్కడ ఊ కొట్టాలి. చిన్నప్పుడు నేను ఊ కొట్టడం మానేస్తే మా బామ్మ రాకుమారుణ్ణి చెట్టుమీదే వదిలేసి నిద్రపోయేది. అతగాడు దిగాడో లేదో నాకిప్పటికీ తెలియదు. సరే, చెప్పొచ్చింది లోవలక్ష్మి సంగతి.

మొన్నమొన్నటి దాకా ఆవిడ పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసేది. ఇప్పుడు బస్సుల కాంప్లెక్సు దగ్గర బట్టలకొట్టు మేడమీద, కంప్యూటరులో లేని మనుషుల ముఖాలు కదిలిస్తోంది. మాటకు తగ్గ పెదవులు, పెదవులకు తగ్గ కనుబొమలు.

"పెళ్ళికూతుళ్ళు ఏడిసేసి కాటుక పాడుసేసీవోరండి. ఈలు నాను ఏడవమంటేనే ఏడుస్తారు" అంటుంది.

విశాఖ కంపెనీ ఒకటి ఆమెకు మణత్త అనే బొమ్మను అప్పగించింది. ఫోనులో కనబడి, జీడితోటల రైతుల గోడు విని, సలహా చెప్పాలి. కృష్ణదేవిపేట రైతులకు నచ్చితే మిగతా బొమ్మల పనీ లోవలక్ష్మికే. నచ్చకపోతే మళ్ళీ పెళ్ళి ముహూర్తాల కోసం ఎదురుచూపులే.

పరీక్షకు కంపెనీ తరఫున గణేశ్వరరావు, బొమ్మను చూపించడానికి లోవలక్ష్మి ఆ ఊరు వచ్చారు. సూరన్న అనే రైతు తన అరుగుమీద ఫోను ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, "మా జీడిపూత మాడిపోతందమ్మా" అన్నాడు.

"ఊఁ" అంది మణత్త, పెదవులు సున్నాలా చుట్టి, ముందుకు చాపి.

"మందు కొట్టినా ఆగలేదు."

మళ్ళీ "ఊఁ". మళ్ళీ అదే మూతి.

పక్కనే చింతపండు పిక్కలు తీస్తున్న సూరన్న భార్య తలుపులమ్మ తలెత్తింది. "ఓలమ్మో! ఏటే ఈ గుంట, మా ముసిలోడికి ముద్దులెడతన్నాది?"

అరుగంతా నవ్వు. "ఉండవే, పూత సంగతి సెప్పనీ" అంటూ సూరన్న ఫోనుకు కాస్త దగ్గరగా జరిగాడు.

గణేశ్వరరావు మాత్రం నవ్వలేదు. "ఇలాగైతే కష్టమండీ. భోజనాలయ్యాక ఇంకొక్కసారి చూస్తాను, అంతే."

తప్పెక్కడో లోవలక్ష్మికి తెలిసిపోయింది. కంప్యూటరు ఏ అక్షరానికి ఏ మూతో అదే పెడుతుంది. ఆమె "ఊఁ" అని రాసింది. ఊయల అన్నప్పుడు మూతి ఎలా చుట్టాలో అది అలా చుట్టింది. ఊ కొట్టేటప్పుడు పెదవులు మూసే ఉంటాయని, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఊ కొడుతున్న మనిషికే తోచలేదు. మీరూ ఒకసారి కొట్టి చూడండి.

లాప్‌టాప్ తెచ్చుకుని తలుపులమ్మ పక్కన కూలబడింది. "మామ్మా, తాతకి నువ్వెలా ఊ కొడతావో సూడనీ."

"ఆడి మాట నానెప్పుడిన్నాను గనక!"

"కూర బాగున్నాదే" అని లోపలి నుంచి సూరన్న అరిచాడు.

"ఊఁ" అంది తలుపులమ్మ. పెదవులు కలిసే ఉన్నాయి. గడ్డం కాస్త లోపలికి, ఒక కనుబొమ పైకి, చూపు చింతపండు మీద. లోవలక్ష్మి ఆ ముఖాన్ని ఉన్నదున్నట్టు మణత్తకు దించేసింది.

భోజనాలయ్యాక సూరన్న మళ్ళీ కూర్చున్నాడు. పూతతో మొదలుపెట్టి, బావమరిది జరిపిన కంచె మీదుగా మోకాలి నొప్పి దాకా వెళ్ళిపోయాడు.

"పెళ్ళైన కాడ్నుంచి ఊ కొడతన్నాను, నాకింత సెప్పలేదేటి?" అంది తలుపులమ్మ.

"నువ్వు కనుబొమ్మెగరేస్తావు. బయం."

"అదీ ఎగరేస్తన్నాది గదా!"

"దాని సేతిలో గరిటి లేదు గదే."

గణేశ్వరరావు ఫోను అందుకున్నాడు. ఒకసారి సరిచూస్తానంటూ, "మా ఆఫీసులో ఒకటే తలనొప్పండీ..." అన్నాడు. మణత్త ఊ కొట్టింది. అతను మెల్లగా అటు తిరిగి, గొంతు తగ్గించి, అరుగు చివరిదాకా నడిచాడు.

లోవలక్ష్మి లాప్‌టాప్ మూసింది. "మామ్మా, ఇంక ముహూర్తాలోళ్ళకి నాను రానని సెప్పేస్తాను."

"ఊఁ" అంది తలుపులమ్మ, చింతపండు మీంచి చూపు తిప్పకుండా.