ఆళ్లగడ్డ వద్దన్న ఉత్తరం

మా కాలేజీ కబడ్డీ జట్టు మొదటిసారి చివరి నాలుగు జట్లలోకి వచ్చిన ఏడాది, ఆ పోటీలు ఏ ఊర్లో పెడతారన్న సంగతి మా అంగడి ముందరి బెంచీ మీద వారం రోజులు నలిగింది. మా కాలేజీ అంటే నేను చదివిన నంద్యాల కాలేజీ. చదువు ముగిసి ముప్పై ఏళ్లు దాటినా దాని గేటుకు ఎదురుగా జిరాక్సు అంగడి పెట్టుకుని ఉన్నాను కాబట్టి అది నాదేనని అనుకుంటాను. జట్టు ఆడిన మ్యాచి ఒక్కటి కూడా నేను తప్పలేదు. అంగడి మూసి పోయాను, జ్వరంతో పోయాను, మరదలి పెండ్లి నాడు తాళి కట్టడం చూసి భోజనం చేయకుండా పోయాను. దానికి మామగారింట్లో ఎవరెవరు ఏమేమి అన్నారో ఇప్పటికీ గుర్తుంది.

బెంచీ మీద రోజూ కూర్చునేది ఇద్దరు. ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు, నాతో కలిసి చదివినవాడు. ఇంకొకాయనది కొలిమిగుండ్ల, నంద్యాలలో నాపరాళ్ల వ్యాపారం.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరం సారాంశం ఇది. నాలుగు కాలేజీలూ తమకు అనుకూలమైన మూడు ఊర్ల పేర్లు వరసగా రాసి పంపాలి, వాటిని చూసి వేదిక నిర్ణయిస్తారు. ఆటలు నేర్పే పీడీ సారు జవాబు టైపు చేయించడానికి నా దగ్గరికే వచ్చాడు. పోస్టాఫీసు మూసే వేళ దగ్గర పడుతోంది.

"కర్నూలు రాస్తే సరిపోలా?" అన్నాడు సారు.

"ఆడ మ్యాటు మీద ఆడిస్తారు సార్," అన్నాడు కండక్టరు. "మనోళ్లు మట్టిలో పొర్లినోళ్లు. మ్యాటు మీద పడితే మోకాళ్ల తోలు లేచిపోతాది."

"అయితే ఆదోని. తిండి బాగుంటాది," అన్నాడు నాపరాళ్ల ఆయన.

"నువ్వు ఆట చూసేదానికి పోతాండావా, తినేదానికి పోతాండావా?"

"తినకుండా అరిచేదెట్లప్పా? పోనీ, మా కొలిమిగుండ్ల రాయండి సార్. ఆట చూసినట్టుంటాది, బెలుం గుహలు చూసినట్టుంటాది."

"గ్రౌండు యాడుంది మీ ఊర్లో? గుహల్లో ఆడిస్తావా? ఆడ లోపలికి పోతే ఊపిరే అందదు, ఇంగ కూత యాడ పెడతారు?"

సారు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక కండక్టరు అసలు మాట అన్నాడు. "ఇవన్నీ ఎందుకు సార్? ఆళ్లగడ్డ రాయండి. గంటలో పోతాం. మన గ్రౌండు మాదిరి మట్టే. పిల్లోళ్లు ఇంట్లో తిని వచ్చి ఆడతారు."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అది నాకు అప్పుడే తెలుసు.

"ఆళ్లగడ్డ వద్దు," అన్నాను.

దానికి కారణం పద్నాలుగేళ్ల నాటిది. ఆళ్లగడ్డలో మా జట్టు ఆడే ఒక టోర్నమెంటు జరిగితే పొద్దున్నే పోయి ముందు వరసలో కుర్చీ పట్టుకున్నాను. మంచినీళ్లకు లేస్తూ, బస్సులో సీటు ఆపుకున్నట్టుగా, కుర్చీ మీద నా ఎర్రంచు తువాల వేసి పోయాను. తిరిగి వచ్చేసరికి తువాల నేల మీద ఉంది. దాని మీద చెప్పు గుర్తు ఉంది. కుర్చీలో ఒక లావుపాటి మనిషి ఉన్నాడు. నిర్వాహకుల్లో ఒకాయన, ఎరువుల అంగడి యజమాని, తన బామ్మర్ది కోసం ఖాళీ చేయించాడట. అడిగితే, "తువాలకు కుర్చీ ఎందుకప్పా? మనిషికి గదా," అన్నాడు. ముందు వరస మొత్తం నవ్వింది. మ్యాచి సగంలో ఉంది. ఈ గ్రౌండులో మళ్లీ కాలు పెట్టనని చెప్పి వచ్చేశాను. ఆ మాట విన్నది నా వెంట ఉన్న కండక్టరు ఒక్కడే.

"ఇంకా ఆ తువాల సంగతేనా?" అన్నాడు కండక్టరు.

"నా మిషను మీద ఆ పేరు టైపు కాదు. కావాలంటే ఇంకో అంగడికి పోండి సార్."

సారు గడియారం చూసుకున్నాడు. "ఏందన్నా, చిన్నపిల్లోని మాదిరి," అన్నాడు కానీ లేచి పోలేదు. చివరికి డోన్, ఆదోని అని టైపు చేశాను. మూడో పేరు తట్టక కొలిమిగుండ్ల అని చేశాను. నాపరాళ్ల ఆయన ముగ్గురికీ టీ చెప్పాడు.

రెండు వారాల తరువాత సారు యూనివర్సిటీ ఉత్తర్వు తెచ్చి, ముప్పై కాపీలు కావాలన్నాడు. అద్దం మీద బోర్లించే ముందు చదివాను. నాలుగు జట్లూ తలా మూడు ఊర్లు రాశాయి. ఒకరు కోరిన ఊరు ఇంకొకరికి అన్యాయమవుతుంది కాబట్టి, ఎవరూ కోరని ఊరే న్యాయమని తేల్చారు. గ్రౌండు ఉన్న ఊర్లలో ఆళ్లగడ్డ పేరు ఒక్కటే ఎవరూ రాయలేదు, ఆ ఊరి జట్టు కూడా పోటీలో లేదు. అందువల్ల వేదిక ఆళ్లగడ్డ.

ముప్పై కాపీలు తీసి ఇచ్చాను. ఒక్కొక్క కాగితం వేడిగా బయటికి వచ్చినప్పుడల్లా ఆ పేరు కనిపించింది.

"నువ్వు వద్దన్నందుకే వచ్చింది గదప్పా!" అని కండక్టరు బెంచీ చరిచి నవ్వాడు. "మన సార్ మొదటి పేరు అదే రాసుంటే వచ్చేది కాదు. జట్టుకు మేలు చేసినావు పో."

నాకు నవ్వు రాలేదు. పోతే మాట తప్పినట్టు, పోకపోతే మ్యాచి తప్పినట్టు. ముప్పై ఏళ్లలో జట్టు ఇంత దూరం రావడం ఇదే మొదలు.

"వస్తాండావా?" అన్నాడు కండక్టరు.

"రాను."

"ఒక్క మ్యాచీ తప్పలేదంటావే? అయినా ఆ పొద్దే తప్పింది లే. సగంలో లేచిపోయినావు గదా."

"లేచిపోలేదు. లేపినారు."

కండక్టరు టెంపో మాట్లాడేదానికి లేచాడు.

మూడు రోజులు ఆలోచించాను. నేను అన్నది గ్రౌండు గురించి. రోడ్డు గ్రౌండు కాదు. పోటీల నాడు మాట్లాడుకున్న టెంపోను గ్రౌండు గోడ పక్కన రోడ్డు మీద నిలపాలని షరతు పెట్టి పోయాను. వాళ్లంతా లోపలికి పోయారు. నేను వెనక నిచ్చెన పట్టుకుని టెంపో పైకి ఎక్కాను. షామియానా అడ్డం వచ్చి కోర్టులో సగమే కనిపించింది. పొద్దుటి మ్యాచి ఆ సగమే చూశాను. గెలిచాం. మధ్యాహ్నం లోపల భోజనాలు పెట్టారు. నేను కింద టెంపో నీడలో ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నాను.

అప్పుడు గేటులో నుంచి ఎరువుల అంగడి ఆయన వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ నడక అదే.

"ఏమన్నా, ఈడ తింటాండావ్? లోపలికి రా. యాడ నుంచి వచ్చినావు?"

"నంద్యాల. లోపలికి రాను. పద్నాలుగేండ్ల కింద నా తువాల నేల మీద పడేసి నీ బామ్మర్దిని కూచోబెట్టినావు."

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టు నటించనూ లేదు. "మా బామ్మర్దినా? వానికీ నాకూ మాటల్లేక పదేండ్లాయె. వాని కోసరం నీ తువాల తీసినానా! తప్పుడు పనే చేసినా."

బామ్మర్ది కోసం చేసినందుకు తప్పు అన్నాడు, నాకు చేసినందుకు కాదు. ఆ తేడా నాకు తెలుసు. కానీ ఆయన లోపలికి పోయి, తనే ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి గోడ బయట, టెంపో పక్కన వేశాడు.

"నువ్వు రానంటివి గదా, కుర్చీనే వచ్చింది. కూచో," అని పోయాడు.

అందులో కూర్చుంటే గోడ తప్ప ఏమీ కనబడదు. భుజం మీది తువాల తీసి, మడిచి కుర్చీ మీద వేసి, మళ్లీ పైకి ఎక్కాను.

ఫైనలు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. చివరి కూతకు పోయిన మా ఆటగాడు షామియానా చాటుకు పోయి మళ్లీ కనబడలేదు. పట్టుబడ్డాడని అవతలి వాళ్ల కేకలను బట్టి తెలిసింది.

అందరికంటే ముందు నాపరాళ్ల ఆయన బయటికి వచ్చాడు. అరిచి అరిచి గొంతు పోయింది, కాళ్లు ఈడుస్తున్నాడు. కుర్చీ చూసి దాని దగ్గరికి పోయి ఆగాడు.

"ఎవరిదప్పా ఈ తువాల?"

"నాది," అన్నాను పై నుంచి.

"అట్లనా," అని టెంపో మెట్టు మీద కూర్చున్నాడు.

జట్టు పిల్లలు వచ్చారు, సారు వచ్చాడు, కండక్టరు వచ్చాడు. అందరూ నిలబడే ఎట్లా ఓడామో మాట్లాడుకున్నారు. టెంపో బయల్దేరేదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.