కుక్క నోరు మూయించింది నేనే

పశువుల దవాఖాన కాంపౌండర్ సారు పోయాడన్న కబురు పోయిన సోమవారం పొద్దున వచ్చింది. నేను బర్రెకు కుడితి పెడుతున్నాను. పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "నిద్రలనే పాణం పోయిందట అక్కా, ఎవలకూ తక్లీఫ్ ఇయ్యలే" అంది. బర్రె తాగి, మూతి నాక్కుని పక్కకు తిరిగింది. నేను ఖాళీ బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మట్టికి, స్మశానం దాకా పోయాను. ఆడవాళ్లు అంత దూరం రాకూడదన్నారు. వాళ్ల మాట నేనెప్పుడు విన్నాను గనక? అక్కడ అందరూ మంచి మాటలే చెప్పుకున్నారు. ఝరాసంగం దారిలో వానలో సైకిల్ తోసుకుంటూ వచ్చి, కడుపులో అడ్డం తిరిగిన దూడను ఎట్లా బయటికి తీశాడో ఒకాయన చెప్పాడు. చివరికి చాయ్ హోటలాయన అననే అన్నాడు: "మనిషి బంగారం. గని గా కుక్కల పిచ్చి ఒక్కటే. రొట్టెలు పెట్టి పెట్టి కుక్కను నెత్తికెక్కిచ్చిండు, గది పోయి ఎద్దుల బండాయన కాలు కరిచె."

అందరూ తలలూపారు. పదేళ్లుగా ఈ మాట వింటున్నాను. విన్నప్పుడల్లా చేసినట్టే ఆనాడూ నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం కాగితం, పెన్ను తెమ్మని మా కోడలిని పిలిచాను.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆ కుక్కను చెడగొట్టింది సారు కాదు, నేను. చాయ్ హోటలాయనకు ఎవరైనా ఇది చదివి వినిపించండి. బండాయన దగ్గరికి మాత్రం నేనే పోయి చెబుతాను, అది కాగితంతో అయ్యే పని కాదు.

సారును నేను మొదట చూసింది మా దూడకు సూది వేయించడానికి పోయినప్పుడు. నలుగురు పట్టుకుంటే గాని నిలబడని దూడ అది. ఆయన ఎవరినీ పట్టుకోనివ్వలేదు. చొక్కా జేబులోంచి బెల్లం ముక్క తీసి దాని మూతి దగ్గర పెట్టాడు. సూది వేసే చోట వేలితో గోకాడు. మళ్లీ బెల్లం, మళ్లీ గోకడం. సూది ఎప్పుడు దిగిందో దూడకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆ జేబు నిండా ఎప్పుడూ చీమలే. చొక్కా తొడుక్కునే ముందు వాకిట్లో దులిపేవాడు. "గివి గూడ నా తోని డ్యూటీకొస్తున్నయ్" అని నవ్వేవాడు.

బొంబాయి రోడ్డు మీద లారీ కింద పడబోయి బతికిన కుక్కలను, తన్నులు తిని తిని మనిషిని చూస్తేనే వణికే కుక్కలను తెచ్చి, దవాఖాన వెనక రేకుల కొట్టంలో సాకేవాడు. వాటి బెదురు పోయాక, అడిగిన వాళ్లకు ఇచ్చేవాడు. ఆయన ఇంటామె పొద్దున జొన్న రొట్టెలు చేస్తే రెండు ఎప్పుడూ ఎక్కువే చేయాలి. అవి ఎండబెట్టి, ముక్కలు చేసి, ఇంకో జేబులో పోసుకునేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఒక ఎర్ర కుక్కను తెచ్చాడు. వెనక కాలు వంకర. ఎవరు ఎంత కొట్టారో, కట్టె కనబడితే చాలు, గోడకు అతుక్కుపోయి ఉచ్చ పోసుకునేది. ఇంకా దగ్గరికి పోతే పళ్లు చూపేది. ఆయన దగ్గరికి పోనేపోలేదు. దూరంగా ఇటుక వేసుకుని దాని మీద కూర్చుని, ముఖం పక్కకు తిప్పి, రొట్టె ముక్క ఒకటి విసిరేవాడు. తింటే తింటుంది, లేకుంటే లేదు. నాలుగు రోజులకు ఇటుక జానెడు ముందుకు జరిగేది. కుక్క బెదిరితే రెండు జానలు వెనక్కి వచ్చేది. తల మీద చెయ్యి వేయడం అసలే లేదు.

తర్వాత కట్టె పని మొదలుపెట్టాడు. కట్టెను దూరంగా నేల మీద పెట్టి రొట్టె ముక్క వేసేవాడు. ఇంకో రోజు కట్టెను ఊరికే ముట్టుకుని రొట్టె ముక్క. ఇంకో రోజు మోకాలెత్తు లేపి రొట్టె ముక్క. రోజూ పాలు పోసి వస్తూ, క్యాను పక్కన పెట్టి చూస్తున్న నాకు నవ్వాగలేదు.

"రొట్టె సూపిచ్చి కట్టెతోని కొడ్తరు గని, కట్టె సూపిచ్చి రొట్టె పెట్టెటోన్ని నిన్నే సూస్తున్న సారూ!"

"నవ్వు అక్కా. గని జర మెల్లగ నవ్వు, అది బెదుర్తది."

"నెలాయె. ఇంకెన్నొద్దులు?"

"దానికి తొందర లేదు. నీకే ఉన్నది."

రెండు నెలలు దాటాక ఒకనాడు కట్టె కనబడగానే ఆ కుక్క గోడవైపు పోలేదు. రొట్టె ముక్క ఏదన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది. నా కళ్లతో చూశాను. చూసి కూడా నేర్చుకోలేదు.

అల్లం తవ్వే కాలం వచ్చింది. విత్తనానికి దాచిన అల్లం కుప్పలను దొంగలు ఎత్తుకుపోతున్నారు. అది పోతే మరుసటి ఏడు మడిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ ఉండదు. మా ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. కాపలా కుక్క కావాలని సారును అడిగాను. ఇంకో రెండు నెలలు ఆగమన్నాడు. నేను ఆగే మనిషినా? రోజూ పోయి ప్రాణం తీశాను. చివరికి ఆ ఎర్ర కుక్కనే ఇచ్చాడు.

"తాడు కట్టకు అక్కా. కట్టె లేపకు. గిది గుర్రుమంటే ఏమనకు, నువ్వే ఎన్కకు జరుగు. గుర్రుమనుడు కోపం గాదు, దాని మాట. నాకు భయమైతుంది, జర దూరం పో అంటది."

"నా ఇంట్ల కుక్క చెప్తె నేను ఎన్కకు జరగాల్నా?"

"జరగాలె" అన్నాడు. నవ్వలేదు.

మా దిక్కు కాపలా కుక్కను కట్టేసి, కడుపు మాడ్చి ఉంచుతారు. చేత్తో తినిపిస్తే మెత్తబడుతుందని మా అమ్మ అనేది. మూడో రోజే తాడు వేశాను. గంజి పోయడానికి దగ్గరికి పోతే అది గుర్రుమంది. నా గంజి తాగుతూ నా మీదే! బర్రెను అదిలించే కట్టె తీసి మూతి మీద ఒకటి వేశాను. మళ్లీ గుర్రుమంది, మళ్లీ వేశాను. ఇరవై రోజులకు గుర్రుమనడం మానేసింది. చెవులు వెనక్కి పెట్టి, ముఖం పక్కకు తిప్పి, బిగుసుకుపోయి ఉండేది. దానికి బుద్ధి వచ్చిందనుకున్నాను.

ఇక్కడ మా కోడలు రాయడం ఆపి, "అత్తమ్మా, గిది ఇడిసిపెడ్దామా?" అంది. రాయమన్నాను.

అంగడిలో సారు కనబడితే గొప్పగా చెప్పాను. "నువ్వు నెలలకు నెలలు వట్టిన పని నేను ఇరువై దినాలల్ల జేసిన సారూ. ఇప్పుడు గుర్రుమననే అనది."

ఆయన చేతిలో కూరగాయల సంచి ఉంది. దాన్ని కింద పెట్టాడు.

"కొట్టినవా?"

"నేనెందుకు కొడ్త?"

"అక్కా, గుర్రుమనని కుక్కంటేనే నాకు భయం. ఇయ్యాల్నే వచ్చి తోల్కపోత."

"ఇచ్చిన కుక్కను మళ్ల అడుగుతవా? అల్లం పని అయినంక సూద్దాం తియ్యి" అని నా దారిన నేను వచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన సంచి ఎత్తుకోకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు.

వారం తిరగకుండానే అల్లం బస్తాలు ఎత్తడానికి బండాయన వచ్చాడు. చేతిలో ఎద్దులను తోలే కట్టె. ఆయన తప్పేమీ లేదు. బస్తా భుజాన వేసుకుని కుక్క పక్క నుంచే నడిచాడు. అది చప్పుడు చేయలేదు. చేసి ఉంటే ఆయన ఆగేవాడు. తాడు సాగినంత దూరం దూకి పిక్క పట్టింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్నాడు ఆ మనిషి. ఆ నెలంతా బండి కట్టలేకపోయాడు.

మరునాడు మా ఇంటి ముందు నలుగురూ చేరారు. "సప్పుడు లేకుంట కరిచెటి కుక్కను ఆడమనిషి ఇంటికి ఇచ్చుడేంది?" అని ఒకరు, "కొట్టి చంపుండ్రి" అని ఒకరు. సారు వచ్చాడు. బండాయన తమ్ముడు నా వైపు తిరిగి, "నువ్వేమన్న జేసినవా దాన్ని?" అన్నాడు.

ఈ ఊళ్లో నోరున్న మనిషినని నాకు పేరు. మా బావలు చేను గట్టు జరపబోతే కొడవలి పట్టుకుని అడ్డం నిలబడ్డదాన్ని. కాని బండ్లవాళ్లంతా ఒక్కటైతే నా చేనికి ఇక బండి రాదు. చేను పోతే నాకేముంది? ఆ భయంతో అన్నాను: "నాకేం దెలుసు? సారు ఎట్ల నేర్పిచ్చిండో గట్లనే ఉన్నది." భయమేసి నేనూ కరిచాను, అంతే.

సారు కుక్క పక్కన దూరంగా, పక్కకు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి గాని తాడు విప్పలేదు. తాడు కింద వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడి ఉంది. మూతి మీద రెండు మచ్చలు. వాటిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నాదే తప్పు. జల్ది ఇచ్చిన" అన్నాడు నలుగురితో. "పది దినాలు నా తాన పెట్టుకొని సూస్త. పిచ్చిది గాకుంటే నేనే సాదుకుంట. దాన్ని ఏమనకుండ్రి."

పిచ్చిది కాదు. ఆయన ఇంట్లోనే ఉండిపోయింది. కాని దవాఖాన వెనక కొట్టం ఖాళీ అయింది. కాంపౌండర్ కుక్క అంటే తీసుకునేవాళ్లు లేరు. కొత్తవాటిని తేవడం ఆయనే మానుకున్నాడు. ఆ తర్వాత బొంబాయి రోడ్డు పక్కన కుంటుకుంటూ పోయే కుక్క కనబడినప్పుడల్లా, నువ్వు ఆ కొట్టంలో ఉండాల్సినదానివే అనుకునేదాన్ని. అనుకోవడానికి నోరక్కర్లేదు కదా. ఆయనకు అంతా తెలుసు. తెలిసీ ఒక్కనాడు అడగలేదు. నా బర్రెకు బాగా లేదంటే పిలవకముందే వచ్చేవాడు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. ఆ పోట్లాటలోనైనా నిజం బయటపడేది.

రెండేళ్లకు, దూడకు మందు కావాలన్న సాకుతో ఆయన ఇంటికి పోయాను. కుక్క వాకిట్లో పడుకుని ఉంది. మెడకు తాడు లేదు, వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. గోడ దగ్గర ఇటుక. నేను గడప దాటగానే అది లేచింది. గొంతులోనే, బండరాయి జరిగినట్టు గుర్రుమంది.

అప్పుడు ఆయన ముఖం చూడాలి. చంటిపిల్ల మొదటి మాట పలికితే ఇంట్లోవాళ్ల ముఖం అట్లా ఉంటుంది.

"విన్నవా అక్కా? రెండేండ్లు వట్టింది. మళ్ల మాటొచ్చింది దానికి."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకొకటి వేశాను. అది ఆగింది. నా ఇంట్లో నేను వేయనన్న అడుగులు అవి.

ఆయన జేబులోంచి రొట్టె ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. విసిరాను. అది కుక్కకూ నాకూ నడుమ పడింది. కుక్క ముక్కను చూడలేదు, నన్నే చూస్తూ నిలబడింది.

అప్పుడు చెప్పాల్సింది. సారూ, కొట్టింది నేనే అని. మేమిద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు. నోరు తెరిచాను కూడా.

"ముఖం తిప్పు అక్కా" అన్నాడు ఆయన మెల్లగా. "నువ్వు సూస్తుంటే అది తినది."

తిప్పాను. కుక్కకూ ఆయనకూ వీపు పెట్టి, గోడవైపు చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత నా వెనక, ఎండు జొన్న రొట్టె నలిగిన చప్పుడు.