బోరింగు నీళ్ల బాలింత

మొన్న గోడలకు రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ, ముందుగదిలోని చేపల తొట్టిని పక్కకు జరపమన్నాడు. జరిపేటప్పుడు అద్దం పైఅంచు వెంట తెల్లగా గట్టిపడిన ఉప్పుచార చూసి, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది కదమ్మా అని సలహా ఇచ్చాడు. అయ్యో, నేను రుద్దనిదా! నిమ్మచెక్క అయింది, చింతపండు అయింది, ఒకసారి ఒళ్లు మండి చాకుతో గీకి అద్దం మీద గీతలు కూడా పెట్టాను. మా నల్లగొండ బోరింగు నీళ్లు ఒకసారి పట్టుకుంటే గిన్నెనైనా వదలవు, మనిషినైనా వదలవు. నల్లా ఉండగా ఇంకా ఆ నీళ్లే ఎందుకు పోస్తున్నారని అడిగాడు. అడిగినందుకు మా అత్తమ్మ కథంతా వినవలసి వచ్చింది. పాపం, ఆ పూట ఒక గోడ కూడా పూర్తి చేయలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయన నకిరేకల్‌లో బత్తాయిల వ్యాపారం చేసేవాడు. ఒకనాడు కాయల బస్తాకు బదులు ఆటోలో అద్దాల తొట్టి దింపాడు. అందులో పసుపుపచ్చని ఆఫ్రికా చేపలు. వాటిని సిక్లిడ్లు అంటారట. మనుషులం తాగడానికే నీళ్ల డబ్బాలు కొంటుంటే ఈ సోకులు ఏమిటని నేను గొడవ పెట్టుకున్నాను. వీటికి డబ్బా నీళ్లు అక్కర్లేదు, సున్నం పేరుకునే ఈ బోరింగు నీళ్లు ఎంత గట్టివైతే అంత ఇష్టం అన్నాడు. ఆ మాట అత్తమ్మ నమ్మలేదు. ఆమెది గుట్టల పక్క ఊరు. ఆ ఊరి నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె పళ్లకు గోధుమరంగు చారలు వేసింది, పిల్లలు చేతికందకముందే నడుమునూ మోకాళ్లనూ బిగించేసింది. మా వీధి మూల బోరింగు ఎదురైతే, పడని వియ్యపురాలిని చూసినట్టు మొహం తిప్పుకొని పోయేది.

మొదట్లో ఆ చేపలను కూడా పట్టించుకోలేదు. తర్వాత మధ్యాహ్నం నిద్ర మానేసి వాటి ముందే కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు నన్ను పిలిచి, ఒక చేప ఏమీ తినడం లేదని, గదవ కింద ఉబ్బిందని చూపించింది. గవదబిళ్లలు లేచినట్టున్నాయని ఆమె అనుమానం. పసుపు రాద్దామంది కూడా. నీళ్లలో ఉన్నదానికి పసుపు ఎట్లా రాస్తామో నాకు తోచక మా ఆయన వచ్చేదాకా ఆగమన్నాను. ఆయన వచ్చి చూసి పకపకా నవ్వాడు. ఈ జాతిలో తల్లి గుడ్లను నోట్లో పెట్టుకొని పొదుగుతుందట, పిల్లలు ఈదేదాకా నోట్లోనే సాకుతుందట, అన్నాళ్లూ పస్తే ఉంటుందట. ఆనాటి నుంచి అత్తమ్మ ఆ చేపను కడుపుతో ఉన్న కూతురిని చూసుకున్నట్టు చూసుకుంది. మా ఆయన దాన్ని వేరే చిన్న తొట్టిలోకి మారిస్తే, బాలింతకు చాటు ఉండాలని తన పాత నారాయణపేట చీర చింపి చుట్టూ కట్టింది. పక్కింటివాళ్లు చూస్తామని వస్తే, దిష్టి తగులుతుందని గుమ్మంలోనుంచే పంపించేసింది. ఏమీ తినని దాన్ని తల్చుకొని తనకూ అన్నం సహించడం లేదని రోజూ అనేది. అంటూనే రెండోసారి పెట్టించుకునేదనుకోండి, అది వేరే సంగతి.

సరిగ్గా అప్పుడే మా కాలనీకి కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. ఆడవాళ్లమంతా నల్లాకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాం. అత్తమ్మ గుమ్మంలో కూర్చొని ధార పడుతున్న చప్పుడు వింటూ కళ్లు తుడుచుకుంది. ఆ నీళ్లు రేపు వస్తాయో రావోనని నేను ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపుతూ ఉన్నాను. ఆ సందడిలో ఆమె లోపలికి పోయి, చిన్న తొట్టిలోని బోరింగు నీళ్లను చెంబుతో తోడి పారబోసి, నిండా నల్లా నీళ్లు పోసింది.

నేను వెళ్లేసరికి చేప పైకి తేలి నోరు తెరుచుకొని కొట్టుకుంటోంది. నోట్లోని పిల్లలను కక్కేసింది. అవి ఇంకా ఈదలేని పసికూనలు, పొట్టకింద పచ్చసొన సంచులతో అడుగున పడి తోకలు ఆడిస్తున్నాయి. మా ఆయనకు ఫోన్ చేస్తే, నల్లా నీళ్లలో కలిపే మందు వాటికి పడదని, ఉన్నపళంగా బోరింగు నీళ్లు మార్చమని అరిచాడు. అత్తమ్మ గోడకు ఆనుకొని నిలబడింది.

“మేము తాగి గిట్లయితిమి. గీ పసిగుడ్లకన్న మంచినీళ్లు తాపుదామనుకున్న బిడ్డా. నా చేతులతోనే సంపుకుంటినా?”

బిందె తీసుకొని వీధి మూలకు పరుగెత్తాను. ఊరంతా నల్లా దగ్గర ఉంటే నేను బోరింగు దగ్గరకు పోవడం చూసి అందరూ నవ్వారు. వెనక్కి తిరిగితే అత్తమ్మ గోడలు పట్టుకుంటూ వస్తోంది. నన్ను పక్కకు జరగమని, ఆ వంగని నడుముతో, తాను పగబట్టిన ఆ బోరింగును తానే కొట్టింది. బిందె నిండేదాకా పిడి నాకు ఇవ్వలేదు.

తల్లి చేప తేరుకుంది గానీ పిల్లలను మళ్లీ నోట్లోకి తీసుకోలేదు. మా ఆయన వాటిని కొత్త చాయ్ జాలీలోకి ఎత్తి, గాలి బుడగలు వచ్చేచోట వేలాడదీశాడు. కొన్ని పోయాయి. మిగిలినవాటికి అత్తమ్మ కాపలా కూర్చుంది. ఒక పొద్దున అవి జాలీలో గుంపుగా ఈదుతుంటే ఆమె వేసిన కేకకు నేను చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. గుడ్డు వాసన పడని మనిషి, గుడ్డు ఉడకబెట్టి పచ్చసొనను వేలికొసతో నలిపి వాటికి పెట్టింది. ఎంత ముద్దొచ్చిందో ఆ ముసలిది ఆ రోజు! ఈ చేపలకు బోరింగు నీళ్లే ఎందుకు కావాలని కొడుకును అడిగింది. ఆఫ్రికాలో అవి పుట్టిన చెరువు నీళ్లు కూడా గట్టివేనని ఆయన చెప్పాడు.

“దాని పుట్టింటి నీళ్లు గసొంటియే అన్నట్టు,” అంది. వేలికి అంటిన పచ్చసొన తుడుచుకుంటూ, “పోనీ, మన నీళ్లను తిట్టకుంట తాగేటోళ్లు గిన్నేండ్లకు దొరికిండ్రు,” అని నవ్వింది.

అత్తమ్మ ఇప్పుడు లేదు. ఆ చేపల మనుమలూ మునిమనుమలూ మా తొట్టిలో ఉన్నాయి, నేను వాటికి ఇంకా బోరింగు నీళ్లే మోస్తున్నాను. నల్లా వచ్చిన రోజు తాను ఒక్క గుక్కయినా తాగకముందే ఆ నీళ్లు తెచ్చి ఆ తల్లీపిల్లలకు పోశానని ఆమె చాలా రోజుల తర్వాత మాటల్లో చెప్పింది. మంచినీళ్ల కోసం ఒక జన్మంతా ఆగిన మనిషి, ఆ పసికూనలను మాత్రం ఒక్క పూట కూడా ఆగనివ్వలేకపోయింది.