చేసినవారు, సరిచూసినవారు

సూర్యారావుపేటలోని ఆ రక్తపరీక్షల ల్యాబులో శౌరయ్య రోజు సంతకాలతో మొదలయ్యేది. టీ చల్లారేలోపు నలభై ఖాళీ రిపోర్టు కాగితాల మీద గబగబా సంతకాలు పెట్టి, కట్ట సర్ది, దాని మీద బరువు పెట్టేవాడు. ఎవరి రక్తంలో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. అంతా సరిగ్గా ఉందని సంతకం మాత్రం పొద్దున్నే సిద్ధం. ఇందులో తప్పేముందని ఎవరైనా అడిగితే శౌరయ్యకు నిజంగానే ఆశ్చర్యం వేసేది. అడిగినవాళ్లూ లేరు.

అక్కడ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ అతనొక్కడే. రెండేళ్లు చదివి తెచ్చుకున్న ఆ కాగితం ఫ్రేములో గోడకు వేలాడేది. దాని జిరాక్సులు మరో రెండు ల్యాబుల గోడల మీదా వేలాడేవి. మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గరి ల్యాబులో, సాయంత్రం భవానీపురం ల్యాబులో ముఖం చూపించి రావడానికి అతని స్కూటర్‌కి ఊపిరాడేది కాదు. మనిషి ఒక్కడు, గోడలు మూడు. మరి అతను లేనప్పుడు పరీక్షలు చేసేదెవరు? మెహరాజ్.

మెహరాజ్ 1996లో సీసాలు కడగడానికి చేరింది. ఇంటర్ తప్పిన పిల్ల. రోజూ కొండపల్లిలో పాసింజరు ఎక్కి వచ్చేది. ఆరు నెలలకు సూది పట్టింది, ఏడాదికి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. నేర్పింది శౌరయ్యే. ఓపిగ్గా, విసుక్కోకుండా నేర్పాడు, ఆ మంచి మాత్రం అతనిలో ఒప్పుకోవాల్సిందే. నరం దొరకని ముసలివాళ్లూ, సూది చూస్తే గుక్కపట్టే పిల్లలూ ఆమె చెయ్యే కావాలనేవారు. కొన్నాళ్లకు మలేరియా స్లైడు అతనికంటే ముందు ఆమె పట్టేసేది. “మా మెహరాజ్ చూసిందంటే ఇక నేను చూడక్కర్లేదండీ” అని శౌరయ్య అందరి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాడు. చూడటానికే తనకు జీతమిస్తున్నారన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

2007లో ఒక అధికారి వచ్చి, అర్హత లేనివాళ్ల చేత పరీక్షలు చేయిస్తే కుదరదని, అర్హత ఉన్న మనిషి దగ్గరుండి ప్రతిదీ సరిచూడాలని, దానికో రిజిస్టర్ పెట్టాలని చెప్పి వెళ్లాడు. ల్యాబు యజమాని రామకోటేశ్వరరావు ఒకప్పుడు మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. మాటకారి. మర్నాడే పొడుగాటి రిజిస్టర్ కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గడులు గీయించాడు. ఒక గడిలో ‘చేసినవారు’, పక్క గడిలో ‘సరిచూసినవారు’. శనివారం మధ్యాహ్నం శౌరయ్య కూర్చుని వారం మొత్తానికి ఆ గడులు నింపేవాడు. ఏరోజుకారోజు రాసినట్టుండాలని పెన్నులు మార్చేవాడు. రెండు గడుల్లోనూ తన పేరే. మెహరాజ్ పేరు రాస్తే లేనిపోని తంటా.

అధికారి మళ్లీ వస్తున్నాడని కబురందితే ఇంకో తమాషా జరిగేది. మెహరాజ్ తెల్లకోటు విప్పేసి, మోచేతి మడతలో దూది పెట్టుకుని, పేషెంట్ల బెంచీ మీద పేషెంటులా కూర్చునేది. ఒకసారి పక్కనే ఉన్న అమలమ్మ అనే ముసలావిడ, “ఇక్కడ కూర్చున్నావేంటే పిల్లా, లే, నాకు నువ్వే గుచ్చాలి” అని చెయ్యి పట్టుకుని లాగింది. మెహరాజ్ తల వంచుకుంది. శౌరయ్య గబుక్కున వచ్చి, “ఆవిడకి మతిమరుపు లెండి” అని అధికారికి చెప్పాడు. ఆ సాయంత్రం అందరూ ఆ సంగతి తలుచుకుని నవ్వారు. మెహరాజ్ కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు శౌరయ్యను తినేసింది.

ఆ రిజిస్టర్ మొదలుపెట్టిన ఏడాదే ఉయ్యూరు దగ్గర చెరుకు కొట్టే రత్తయ్య తన భార్య రావమ్మను తీసుకొచ్చాడు. తొలి కాన్పు, బ్లడ్ గ్రూపు చూడాలి. మెహరాజ్ రక్తం తీసి స్లైడు మీద చుక్కలు వేసింది. ఆ రోజు శౌరయ్య ల్యాబులోనే ఉన్నాడు. చూసేలోపు భవానీపురం నుంచి ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చేసరికి ఫ్యాను కింద స్లైడు ఆరిపోతోంది. చుక్క గడ్డకడితే గ్రూపు పాజిటివ్, కట్టకపోతే నెగటివ్. కానీ ఆరిన చుక్క ఏదైనా అంచుల్లో గడ్డకట్టినట్టే కనిపిస్తుంది. ఆ సంగతి ఆమెకు నేర్పింది తనే. అతను నిలబడే ఒక్క చూపు చూసి, “పాజిటివ్. రాసెయ్” అన్నాడు.

“ఆరిపోయినట్టుంది సార్. మళ్లీ వేసి చూద్దామా?” అంది మెహరాజ్.

“నేను చూశాగా. రాసెయ్యమ్మా, అవతల టైమైపోతుంది.”

ఆమె రాసింది. సంతకం పొద్దుటిదే.

రెండేళ్ల తర్వాత రత్తయ్య ఒక్కడే వచ్చాడు. చేతిలో ఆ పాత రిపోర్టు, మడతల దగ్గర చిరిగి ఉంది. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

“రెండో బిడ్డ ఏడో నెల్లో కడుపులోనే పోయిందండీ. మా ఆవిడిది నెగటివంట. తర్వాతి బిడ్డకు ముప్పు రాకుండా మొదటి కాన్పప్పుడే ఇంజక్షన్ చెయ్యాల్సిందంట. ఈ కాయితం చూసి చెయ్యలేదంట. ఎవరు చూశారండీ దీన్ని?”

శౌరయ్యకు ఆ స్లైడు, ఆ ఫ్యాను, ఆ ఫోను అన్నీ కళ్లముందు కదిలాయి. కాగితం అందుకుని చూశాడు. సంతకం తనది. అక్షరాలు మెహరాజ్‌వి. రామకోటేశ్వరరావు వెనక నిలబడి ఉన్నాడు.

“ఇది నా రాత కాదండీ” అన్నాడు శౌరయ్య.

అబద్ధం కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అటువైపు బల్ల దగ్గర మెహరాజ్ రక్తం సీసా చేతిలో పట్టుకుని అతన్నే చూస్తోంది. నోరు విప్పితే సరిపోయేది, ఆమె విప్పలేదు. ఎందుకు విప్పలేదో అతనికి తెలుసు. అతన్ని సార్ అని పిలిచే మనిషి ఆమె. శౌరయ్య సిగ్గుతో తల వంచుకుని కాగితం మడతపెట్టాడు.

రత్తయ్య ఫిర్యాదు చేశాడు. విచారణకు ముందు రోజు మెహరాజ్‌ను ఇక రావద్దన్నారు. రామకోటేశ్వరరావు కొత్త రిజిస్టర్ తెచ్చి, రావమ్మ రిపోర్టు ఇచ్చిన ఏడాదంతా మళ్లీ రాయమన్నాడు. శౌరయ్య రాశాడు, పెన్నులు మార్చి మార్చి రాశాడు. అన్ని పేజీల్లోనూ తన పేరే. ఆ ఒక్క తేదీ దగ్గర తాను సెలవని వేసుకుని, ‘చేసినవారు’ గడిలో ‘మెహరాజ్, అనుమతి లేకుండా’ అని రాశాడు. పదమూడేళ్లలో వేల పరీక్షలు చేసిన మనిషి పేరు ల్యాబు కాగితాల్లోకి ఎక్కడం అదే మొదటిసారి. తను చేయని తప్పు పక్కన ఎక్కింది. అధికారి ఆ పేజీ చూశాడు, సంతకం మర్నాడు మిగతా రిపోర్టులతో కలిసి పొరపాటున పడిందని యజమాని చెబితే విన్నాడు. ల్యాబును హెచ్చరించి వెళ్లిపోయాడు.

శౌరయ్యకు రెండు నెలలు అన్నం సయించలేదు. అద్దంలో గడ్డం గీసుకుంటూ తన కళ్లలోకి తనే చూసుకోలేకపోయేవాడు. చివరికో ఆదివారం బత్తాయిలు కొనుక్కుని కొండపల్లి వెళ్లాడు. తప్పు నాదేనని చెప్పేసి రావాలని దారి పొడవునా అనుకున్నాడు.

మెహరాజ్ తల్లి సైదాబీ కుర్చీ తుడిచి వేసింది. “మా పిల్లకి పని నేర్పిన సారు మా ఇంటికొచ్చారు” అని పొంగిపోయింది. కూతురు పని ఎందుకు పోయిందో ఆవిడకు తెలియదని శౌరయ్యకు అప్పుడర్థమైంది.

“సారూ, ఒక్క సాయం చెయ్యండి. ఇబ్రహీంపట్నంలో కొత్తాసుపత్రి పెట్టారు. మీ కింద పదమూడేళ్లు పన్జేసిందని రెండు ముక్కలు రాసిస్తే సూది మందులిచ్చే పనికి తీసుకుంటారంట. ఉండండి, టీ తెస్తా” అంటూ లోపలికి వెళ్లింది.

శౌరయ్య చెయ్యి జేబులో పెన్ను దాకా వెళ్లింది. మెహరాజ్ గడప దగ్గర నిలబడి ఉంది.

“మీరు రాయలేర్లెండి సార్” అంది మెల్లగా. కోపం లేదు, ఎవరికో రిపోర్టు చదివి చెబుతున్నట్టు అంది. “రాస్తే నేనక్కడ పన్జేసినట్టు అవుద్ది, మీ రిజిస్టర్ అబద్ధమవుద్ది. అమ్మీకి తెలీదు, చెప్పలేదు.”

తప్పు నాదమ్మా. రెండే మాటలు. గొంతు దాకా వచ్చాయి. ఇంతలో సైదాబీ టీ తెచ్చింది. శౌరయ్య గ్లాసు అందుకుని, “వచ్చే వారం రాసి పంపిస్తానండీ” అన్నాడు.

“అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి సారూ” అంది సైదాబీ, రెండు చేతులూ పైకెత్తి.

అతను రాయడని మెహరాజ్‌కి తెలుసు, అతనికీ తెలుసు. తెలియనిది ఆ తల్లికి ఒక్కదానికే.