ముందే చెప్పాల్సిన గుణం

పెళ్లికార్డు మూలలకు పసుపు రాయాలన్నవాడు తెల్లచొక్కా ఎప్పుడూ తొడిగి ఉండడు. ఆరోజు నా పెళ్లికార్డుల సంచి ఒళ్లో పెట్టుకుని ఉప్పుగూడలో రైలెక్కి, కూర్చోగానే నిద్రపోయాను. పక్కనున్న పెద్దాయన భుజం పట్టి కుదిపాడు.

“గురకైతే పెట్టుకో బిడ్డా, నడుమ నడుమ ఊపిరి ఆపుతున్నవేంది?”

అది నాన్న నుంచి వచ్చిన జన్యువుల పని అనీ, మెదడులోని డోపమిన్ అనే రసాయనం హస్తం కూడా ఉండొచ్చని డాక్టరు చెప్పారనీ వివరించాను. ముక్కుకు గాలి మిషను తగిలించుకుని పడుకోమన్నారనీ, ఇంకా కొనలేదనీ ఒప్పుకున్నాను.

“అంటే నీ తప్పేం లేదంటవ్,” అన్నాడాయన, నా ఒళ్లోని కార్డుల వంక చూస్తూ. “ఛత్రినాకల మా ఇంటికాడ బర్రెలున్నయి. తన్నే గుణం తల్లి నుంచి వచ్చిందైనా సరే, అమ్మేముందే చెప్తం. నువ్వు చేసుకునే పిల్లకు చెప్పినవా?”

చెప్పలేదు. పెళ్లి తప్పిపోతుందేమోనన్న చిన్న భయం. పేరైనా అడగని ఆ మనిషి నా ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. బర్రెను కొనేవాళ్లకు దక్కే మర్యాద ఆమెకూ దక్కాలనిపించి, అక్కడి నుంచే ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను. ఏం విన్నాడో గానీ పెద్దాయనా నవ్వాడు. తర్వాత ఆమె అంది:

“గురకతోని నాకేం ఫికర్ లేదు. ఆ మిషన్ కొనకుంటే మాత్రం పెండ్లికి రాకు.”